తుమ్మ చెట్టుకు తుప్పు



వేరుశనగ పండించే రైతుకు తుప్పు తెగులు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో ఆకు అడుగున ఇటుక రంగు పొక్కులు లేస్తాయి. వేలితో రాస్తే ఎర్రటి పొడి అంటుకుంటుంది. కొన్ని చోట్ల దీన్నే కుంకుమ తెగులు అంటారు. జొన్నకు, మొక్కజొన్నకు, గోధుమకు, అరకు కొండల్లోని కాఫీకి కూడా వేటి తుప్పు వాటికి ఉంది. అయితే పెద్ద పెద్ద చెట్లకు కూడా తుప్పు పడుతుందనీ, మొండి చెట్టుగా పేరుపడ్డ తుమ్మ జాతిని సైతం అది కొమ్మలు విరిగేదాకా లొంగదీస్తుందనీ చాలామందికి తెలియదు. ఆ తుప్పును ఒక దేశం కోరి తెచ్చుకుందంటే ఇంకా వింతగా ఉంటుంది. ఆ సంగతులు ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు చెట్ల వరస చూద్దాం. మన చెరువు గట్ల మీద పెరిగే నల్ల తుమ్మ, మేకల కాపరులకు బాగా తెలిసిన తెల్ల తుమ్మ, కాచు తీసే చండ్ర ఒకే గుంపులోని చెట్లు. దిరిసెన, సుబాబుల్, ఊళ్లను కమ్మేసిన సర్కారు తుమ్మ వీటికి దాయాదులు. ఆస్ట్రేలియాలోనైతే ఈ వంశం మరీ విస్తారం. అక్కడ అకేసియా జాతులు ఇంచుమించు వెయ్యి ఉన్నాయి. ఒకప్పుడు మన తుమ్మలనూ ఆస్ట్రేలియా తుమ్మలనూ కలిపి అకేసియా అనే పిలిచేవారు. 2005లో వియన్నాలో, మళ్లీ 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశాల తర్వాత ఆ పేరు ఆస్ట్రేలియా చెట్లకే మిగిలింది. మన నల్ల తుమ్మ ఇప్పుడు శాస్త్రవేత్తల పుస్తకాల్లో వాచెలియా. చండ్ర సెనెగాలియా.

ఈ చెట్లను పట్టే తుప్పులు కూడా చాలావరకు ఇలాగే విడిపోయి ఉంటాయి. ఆస్ట్రేలియా అకేసియాల మీద యురోమైక్లాడియం అనే తుప్పు జాతులు బతుకుతాయి. మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ ఉన్న తుమ్మల మీద ఎక్కువగా రావెనీలియా జాతులు కనిపిస్తాయి.

తుప్పు అంటున్నాం కానీ దీనికీ ఇనుముకూ సంబంధం లేదు. రంగును బట్టి వచ్చిన పేరు అది. ఇది ఒక శిలీంధ్రం. ప్రపంచంలో ఏడు వేలకు పైగా తుప్పు జాతులను ఇప్పటికి గుర్తించారు. వీటన్నిటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. రొట్టె మీద పట్టే బూజులాగా చచ్చిన పదార్థం మీద ఇవి బతకలేవు. ప్రాణమున్న మొక్క కణాల నుంచే తిండి తీసుకోవాలి. మొక్క చస్తే తుప్పూ చస్తుంది. గీత కార్మికుడు తాటిచెట్టు బతికుండేలా చూసుకుంటూ కల్లు దించినట్టు, ఇది కూడా చెట్టును ఒక్కసారిగా చంపకుండా కొంచెం కొంచెంగా పీలుస్తుంది.

రెండో గుణం, మడి కట్టుకున్నట్టుండే దీని ఆహార నియమం. చాలా తుప్పులు ఏదో ఒక జాతి మొక్కనో, దానికి బాగా దగ్గరి బంధువులనో మాత్రమే ముట్టుకుంటాయి. వేరుశనగ తుప్పు పక్క చేలోని జొన్నకు అంటుకోదు. జొన్న తుప్పు వేరుశనగ జోలికి రాదు. ఈ ఒక్క గుణం వల్లనే తుప్పును మనిషి పనిముట్టుగా వాడుకోగలిగాడు.

ఇక తుమ్మ తుప్పు ఎలా పనిచేస్తుందో చూద్దాం. గోధుమ రంగు పొడిలా ఉండే దీని సిద్ధబీజాలు గాలిలో కొట్టుకొచ్చి లేత కొమ్మ మీదో, ఆకు మీదో, పూమొగ్గ మీదో వాలతాయి. మంచుకో వానకో తడి తగిలితే మొలకెత్తి లోపలికి చొరబడతాయి. కంతి తుప్పు అనదగిన రకాలు లోపలికి వెళ్లాక అక్కడి కణాలను అదుపు లేకుండా విభజించేలా చేస్తాయి. దాంతో కొమ్మ మీద బొడిపె లేస్తుంది. నెలలు గడిచేకొద్దీ అది పెద్ద కంతి అవుతుంది, పైనంతా కోట్ల కొద్దీ సిద్ధబీజాల పొడి కమ్ముకుంటుంది. చెట్టు తన చిగుళ్లకు, పూలకు, గింజలకు పంపాల్సిన పోషకాలను ఆ కంతులు లాగేసుకుంటాయి. బరువుకు కొమ్మలు వంగి విరుగుతాయి. అలా నీరసించిన చెట్టు మరో కరువు వస్తే తట్టుకోలేదు.

ఈ కంతి తుప్పుకు శాస్త్రీయ నామం దొరికింది 1889లో. దక్షిణ ఆస్ట్రేలియాలో టెప్పర్ అనే ప్రకృతి పరిశోధకుడు సేకరించిన నమూనా చూసి, ఇటలీకి చెందిన సక్కార్డో దానికి టెప్పర్ పేరు పెట్టాడు. తర్వాత మెల్‌బోర్న్‌లో పనిచేసిన డేనియల్ మకల్పైన్ 1905లో యురోమైక్లాడియం అనే ప్రజాతిని ఏర్పరిచి దాన్ని అందులో చేర్చాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా తుప్పులన్నిటి మీదా ఆయన ఒక పెద్ద పుస్తకమే వెలువరించాడు. అప్పటికి అది ఆ దేశపు అడవుల్లో ఉన్న మామూలు తెగులు. దాని వల్ల ఎవరికీ పెద్ద లాభం లేదు, పెద్ద నష్టమూ లేదు.

కథ మలుపు తిరిగింది దక్షిణాఫ్రికాలో. కేప్‌టౌన్ నగరం పక్కనే కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక మైదానం ఉంది. గాలి వీస్తే ఇసుక మేటలు కదిలి దారులను కప్పేసేవి. ఆ ఇసుకను కట్టడి చేయడానికి 19వ శతాబ్దం తొలి సగంలోనే వలస ప్రభుత్వం ఆస్ట్రేలియా నుంచి మొక్కలు తెప్పించి నాటడం మొదలుపెట్టింది. అలా వచ్చిన వాటిలో అకేసియా సాలిగ్నా ముఖ్యమైనది. అక్కడి జనం దాన్ని పోర్ట్ జాక్సన్ అంటారు. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూల దాని పుట్టిల్లు. ఇసుకలో పెరుగుతుంది, పసుపు పచ్చగా పూస్తుంది, కొట్టేస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

ఇసుక నిలిచింది, చెట్టు మాత్రం ఆగలేదు. తీరం వెంబడి, నదుల వెంబడి పాకి ఫిన్‌బోస్ అనే పొదల నేలలోకి చొరబడింది. కేప్ ప్రాంతంలో సుమారు తొమ్మిది వేల మొక్క జాతులున్నాయి. వాటిలో మూడింట రెండు వంతులు ప్రపంచంలో మరెక్కడా పెరగవు. అలాంటి నేలను ఒకే ఒక్క పరాయి చెట్టు కమ్మేసింది. కోసినా లాభం లేదు, కాల్చినా లాభం లేదు. దాని గింజకు గట్టి పెంకు ఉంటుంది, మట్టిలో ఏళ్ల తరబడి పాడవకుండా పడి ఉంటుంది. మంట తగిలితే ఆ పెంకు పగిలి ఒక్కసారిగా మొలుస్తుంది. చదరపు మీటరు నేలలో వేలకొద్దీ గింజలుంటే గొడ్డలి ఏం చేస్తుంది?

ఆస్ట్రేలియాలో ఇదే చెట్టు ఇంత విజృంభించదు. అక్కడ దాని ఆకు తినే పురుగు ఉంది, గింజ తొలిచే పురుగు ఉంది, కొమ్మకు కంతులు పుట్టించే తుప్పు ఉంది. దక్షిణాఫ్రికాకు గింజలే ఓడెక్కాయి, శత్రువులు అక్కడే ఉండిపోయారు. ఆ శత్రువుల్లో ఒకరినైనా పిలిపిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనే జీవ నియంత్రణకు పునాది.

స్టెలెన్‌బోష్‌లోని మొక్కల సంరక్షణ పరిశోధన సంస్థలో పనిచేసిన మోరిస్ అనే తెగుళ్ల శాస్త్రవేత్త ఈ పని తలకెత్తుకున్నాడు. ఆస్ట్రేలియా కంతి తుప్పు వందకు పైగా అకేసియా జాతుల మీద కనిపిస్తుంది. మరి తెస్తే అన్నిటినీ పట్టదా? పరీక్షలు చేస్తే తేలిందేమిటంటే, పైకి ఒకే తుప్పులా కనిపించినా లోపల రకాలు వేరు. సాలిగ్నా చెట్టు మీద బతికే రకం సాలిగ్నానే పడుతుంది. దక్షిణాఫ్రికా సొంత తుమ్మల జోలికి రాదు. అది రూఢి అయ్యాక 1987లో ఆ తుప్పును కేప్ నేలలో వదిలారు.

మొదటి కొన్నేళ్లు చూసినవాళ్లకు పెద్ద తేడా కనిపించి ఉండదు. తుప్పు నెమ్మదిగా పనిచేస్తుంది. కానీ గాలి దాన్ని చెట్టు నుంచి చెట్టుకు, తోపు నుంచి తోపుకు మోసుకెళ్లింది. పదిహేనేళ్ల పాటు కొన్ని చోట్ల లెక్కలు కట్టి, 2007లో వుడ్ అనే శాస్త్రవేత్త, మోరిస్ కలిసి ఫలితాలు ప్రకటించారు. ఆ చోట్లలో సాలిగ్నా చెట్ల సాంద్రత 87 నుంచి 98 శాతం దాకా పడిపోయింది. చెట్లను అణచడానికి శిలీంధ్రాన్ని వాడిన ప్రయత్నాల్లో ప్రపంచంలోనే దీన్ని గొప్ప విజయంగా చెప్పుకుంటారు.

అయితే విజయాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పుకోకూడదు. చెట్లు తగ్గాయి కానీ మట్టిలోని గింజల నిల్వ తరగలేదు. మంట వచ్చిన ప్రతిసారీ మళ్లీ లక్షల మొలకలు లేస్తాయి. తుప్పు వాటిని అందుకోవడానికి సమయం పడుతుంది. అందుకే 2001లో గింజలు తినే ఒక ముక్కు పురుగును కూడా ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు. నరకడం, కాల్చడం, మొలకలు పీకడం ఇప్పటికీ సాగుతూనే ఉన్నాయి. తుప్పు భారాన్ని తగ్గించింది, చెట్టును రూపుమాపలేదు.

2018లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలతో ఈ కంతి తుప్పులను మళ్లీ పరిశీలించారు. ఒకటే అనుకున్నది ఎన్నో జాతుల గుంపు అని తేలింది. కొత్తగా పదిహేను జాతులకు పేర్లు పెట్టారు. అప్పుడు సాలిగ్నా తుప్పుకు మోరిస్ పేరే పెట్టి గౌరవించారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఆయన పరీక్షల్లో కనిపెట్టిన తేడాకు ఆధునిక విజ్ఞానం వేసిన ముద్ర అది.

ఇప్పుడు దక్షిణాఫ్రికాలోనే మరో చివరకు వెళ్దాం. తూర్పు తీరంలోని క్వాజులు నటాల్‌లో ఇంకో ఆస్ట్రేలియా తుమ్మ ఉంది. దాని పేరు నల్ల వాటిల్, శాస్త్రీయంగా అకేసియా మియర్న్‌సీ. 1864లో వాండర్‌ప్లాంక్ అనే ఆయన దాని గింజలు నటాల్‌కు తెచ్చాడు. బెరడులో వగరు పదార్థం దండిగా ఉండటంతో తోళ్లు పదును చేసే పరిశ్రమకు అది బంగారమైంది. మన తోళ్ల పరిశ్రమకూ దీంతో పాత బంధుత్వం ఉంది. మద్రాసు రాజధానిలో ఒకప్పుడు తంగేడు చెక్కతో తోళ్లు ఊనేవారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన వాటిల్ బెరడు చాలా చోట్ల తంగేడు స్థానాన్ని ఆక్రమించింది. బెరడు తీశాక మిగిలిన కలప కాగితపు గుజ్జుకు, బొగ్గుకు పోతుంది. దక్షిణాఫ్రికాలో ఈ తోటలు దాదాపు లక్ష హెక్టార్లలో ఉన్నాయి. చిన్న రైతులు కూడా దీని మీద ఆధారపడి బతుకుతున్నారు.

2013లో ఆ తోటల్లో ఆకులు ముడుచుకోవడం, ఈనెలు వంకరలు తిరగడం, చెట్లు ఆకులు రాల్చడం, కాండం నుంచి బంక కారడం మొదలైంది. తడి రోజుల్లో ఆకుల మీద గోధుమ రంగు జిగురు ముద్దలు కనిపించాయి. అవన్నీ సిద్ధబీజాలే. లేత మొక్కలు గిడసబారాయి, కొన్ని చచ్చిపోయాయి. పరీక్షించి చూస్తే అది యురోమైక్లాడియం అకేసియే. అంటే కేప్‌లో స్వాగతం చెప్పి పెంచిన తుప్పుకు సొంత చెల్లెలు. ఇది పిలవకుండానే వచ్చింది. ప్రిటోరియా విశ్వవిద్యాలయంలోని అటవీ జీవసాంకేతిక శాస్త్రవేత్తలు 2015లో దీన్ని నిర్ధారించి ప్రకటించారు. అప్పటి నుంచి తోటల యజమానులు శిలీంధ్రనాశక మందులు చల్లుతూ, తెగులు తట్టుకునే చెట్ల కోసం వెతుకుతున్నారు.

ఒకే దేశం. ఒకే తుప్పు వంశం. పడమటి తీరంలో అది ఊరిని కాపాడిన చుట్టం, తూర్పు తీరంలో పంట తిన్న దొంగ. తుప్పు గుణం మారలేదు. పడమట చెట్టు అక్కర్లేనిది, తూర్పున అదే వంశపు చెట్టు మనిషికి అన్నం పెడుతోంది. తేడా అంతా అక్కడే ఉంది. ఈ తెగులు మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, ఏ చెట్టు మీద, ఏ నేల మీద, ఎవరి తోటలో అని ఎదురు ప్రశ్న వేయాలి.

ఆగ్నేయాసియాలో ఇదే తుప్పు వంశం పేదవాళ్లను నేరుగా దెబ్బతీసింది. ఇండోనేషియాలో సెంగాన్ అనే చెట్టును పెంచుతారు. దిరిసెనకు దగ్గరి చుట్టం. మంచి నేలలో ఏడాదికే ఏడు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ప్లైవుడ్‌కు, పెట్టెలకు దాని కలప వాడతారు. చేతిలో కొంచెం నేల ఉన్న జావా రైతు నాలుగు సెంగాన్ మొక్కలు నాటితే పిల్ల చదువుకో పెళ్లికో అక్కరకొస్తుందనే ఆశ. 1871లో బందా దీవుల నుంచి బోగోర్ తోటకు తెచ్చిన కొద్దిపాటి గింజల నుంచే జావా చెట్లు వ్యాపించాయి. అందుకే వాటిలో వైవిధ్యం తక్కువ. అన్నీ ఇంచుమించు ఒకే రక్తం. ఒకదానికి తగిలిన తెగులు అన్నిటికీ తగులుతుంది.

కంతి తుప్పు ముందు ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవిలో తోటలను పట్టింది. 2000 తర్వాత తూర్పు జావాలోనూ విరుచుకుపడింది. మంచు పట్టే ఎత్తైన కొండ ప్రాంతాల్లో దాని ఉధృతి మరీ ఎక్కువ. తూర్పు తిమోర్‌లో సంగతి ఇంకొంచెం వేరు. అక్కడ ఈ చెట్లు కాఫీ తోటలకు నీడ పట్టేవి. నీడ చెట్టు కంతులు పట్టి చచ్చిపోతే కింద కాఫీ మొక్క ఎండకు వాడుతుంది. కాఫీకి తెగులు సోకకుండానే కాఫీ రైతు నష్టపోయాడు. చాలాకాలం దీన్ని ఆస్ట్రేలియా కంతి తుప్పే అనుకున్నారు. 2015లో ఇది వేరే జాతి అని తేల్చి కొత్త పేరు పెట్టారు. రైతులు కంతులు కోసేసి, సున్నం, గంధకం కలిపి పూస్తున్నారు. కొంత ఉపశమనం ఉంది, పూర్తి మందు లేదు.

ఇక మన ఇంటికి వద్దాం. మన తుమ్మలకు రావెనీలియా తుప్పులు తరతరాలుగా ఉన్నాయి. వాటిని శాస్త్రీయంగా వర్ణించినవారిలో మైసూరు ప్రాంతానికి చెందిన తిరుమలాచార్ ముఖ్యుడు. ఒక చిన్న ముళ్ల తుమ్మ మీద పెరిగే రావెనీలియా వల్ల చెట్టుకు మెత్తటి ఉబ్బులు వస్తాయి. దక్షిణాదిలో జనం వాటిని కోసుకుని తింటారని ఆయన, నరసింహన్ అనే మరో శాస్త్రవేత్త కలిసి రాశారు. తెగులును కూరగా వండుకున్నవాళ్లు మనవాళ్లు! నల్ల తుమ్మ ఆకు మీద అక్కడక్కడా తుప్పు మచ్చలు కనిపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. చెట్టూ తెగులూ ఒకే నేల మీద చాలాకాలంగా కలిసి పెరిగాయి. ఒకదాన్ని ఒకటి చంపుకోకుండా ఎలా సర్దుకోవాలో వాటికి తెలుసు.

మరి నీలగిరుల్లోనూ కొడైకెనాల్ కొండల్లోనూ పచ్చికబయళ్లను మింగేసిన ఆస్ట్రేలియా వాటిల్ చెట్ల మీదకు తుప్పును తెచ్చి వదలవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఆలోచన న్యాయమైనదే. దానికి మన దేశంలో ముందు ఉదాహరణ కూడా ఉంది. తేయాకు తోటలను అల్లుకుపోయే మికానియా తీగను అణచడానికి ట్రినిడాడ్ నుంచి ఒక తుప్పును తెప్పించి, పరీక్షించి, 2005లో అస్సాంలోనూ 2006లో కేరళలోనూ వదిలారు. అది ఇక్కడ నిలదొక్కుకోలేదు. అదే తుప్పు పపువా న్యూగినియాలో బాగా పనిచేసింది. అంటే పరీక్ష గదిలో నెగ్గినంత మాత్రాన కొండ మీద నెగ్గుతుందని హామీ లేదు.

సర్కారు తుమ్మ సంగతి ఇంకా చిక్కు. దాన్ని తుడిచేసే తుప్పు ఎక్కడైనా దొరికిందనుకుందాం. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి దానికి బాగా దగ్గరి చుట్టం. దసరా రోజున మనం పూజించే చెట్టుకు ఆ తుప్పు అంటుకోదని ముందుగా తేల్చుకోవాలి. సర్కారు తుమ్మ బొగ్గు కాల్చుకుని, కట్టెలు అమ్ముకుని బతికే కుటుంబాల సంగతీ చూడాలి. ఒకసారి గాలిలోకి వదిలిన సిద్ధబీజాన్ని వెనక్కి పిలవలేం. మోరిస్ విజయానికి మూలం తుప్పు ఒక్కటే కాదు. వదలడానికి ముందు ఆయన పెట్టిన పరీక్షలు కూడా అందుకు కారణం.

చివరగా శ్రోతలకు కొన్ని మాటలు. తుమ్మ, సుబాబుల్, అకేసియా చెట్ల మీద కనిపించే ప్రతి బొడిపె తుప్పు కాదు. పురుగులు, నల్లులు కూడా బొడిపెలు కట్టిస్తాయి. కంతి మీద వేలితో రాస్తే గోధుమ రంగు పొడి అంటుకుంటే అనుమానించండి. ఒకేసారి తోటలో చాలా చెట్లకు అలా కనిపిస్తే దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో, అటవీ శాఖకో చెప్పండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. ఆ కంతిని కోసి మరో ఊరికి మోసుకెళ్లకండి.

కలప కోసం తోట వేసేవారు పొలమంతా ఒకే చెట్టు నుంచి తీసిన మొక్కలతో నింపకండి. రెండు మూడు రకాలు కలిపి వేస్తే ఒకదానికి తెగులు తగిలినా మిగతావి నిలుస్తాయి. జావా రైతుకు అనుభవం నేర్పిన పాఠం అది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు కూడా ఒక మాట చెప్పండి. ఆస్ట్రేలియాలో పసుపు పూలతో మెరిసే వాటిల్ చెట్టు అందంగా ఉందని గింజలో కొమ్మలో సంచిలో వేసుకుని రావద్దని చెప్పండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా అలా తేవడం చట్టవిరుద్ధం. అలాంటి చట్టం ఎందుకు అవసరమో కేప్ ఇసుక మైదానాల అనుభవం, క్వాజులు నటాల్ తోటల అనుభవం రెండూ చెబుతాయి. తెగులును వదిలేసి వచ్చిన చెట్టు కొత్త నేలకు తానే తెగులవుతుంది. తెగులుతో కలిసి వచ్చిన చెట్టు ఆ నేలలోని దాయాదులకు ఆ తెగులును అంటించవచ్చు. రెండిట్లో ఏది జరిగినా నష్టపోయేది మన రైతే. కాబట్టి మన పొలం గట్టున ఉన్న తుమ్మను గుర్తుపట్టి కాపాడుకుందాం, కొత్త చెట్టును తెచ్చే ముందు తెలిసినవారిని అడుగుదాం.